వంతు నమ్ము వర్తకము

వస్తువు సమృద్ధిగ దొరకునపుడు మనుష్యుని నీతికి గలుగు పరీక్ష స్వల్పము. అందఱకును జాలినంత యున్నచో నెవడు ముందు, ఎవడు వెనుక యను ప్రశ్నయే పుట్టదు. పదుగురు కోరు వస్తువు నలుగురికి మాత్రమే సరిపోవునపుడు, ఆ నలుగు రెవ్వరు కావలె నను ధర్మసందేహము బయలుదేఱును. ఆ సందేహము తీఱకమునుపే, ఆ వస్తువుతో నెట్టి యవసరమును లేనివా డొకడు నడుమ జొచ్చి, నాలుగింటిని దానే చేజిక్కించుకొని, హెచ్చు వెల కమ్మజూచును. వీనినే జనులు నల్లబజారు దళారి యనుచున్నారు. వీని వర్తకమునుగూర్చి విద్యార్థులును వారి తలిదండ్రులును ఆలోచింపదగిన సంగతులు కొన్ని కలవు.

దళారి యెంత క్రొత్త వస్తువునైనను విడువడనుటకు గ్రాఫిక్స్ కార్డుల వృత్తాంతమే నిదర్శనము. కంప్యూటరు తెరపై బొమ్మలను గీయుటకును, పెద్ద గణనములను శీఘ్రముగ జేయుటకును ఉపయోగించు భాగమునకు గ్రాఫిక్స్ కార్డని పేరు. 2020 సెప్టెంబరు 17వ తేదీని ఎన్‌విడియా కంపెనీవారు ఆర్‌టీఎక్స్ 3080 అను కార్డును 699 డాలర్ల వెలకు అమ్మకమునకు బెట్టిరి. కొన్ని నిమిషములలో సరకు నిండుకొనెను. మనుష్యుడు తన చిరునామా వ్రాయులోపలనే దళారులు సాఫ్ట్‌వేరు సాయమున గొనివేసి, రెట్టింపు వెల చెప్పసాగిరి. కంపెనీవారు ప్రజలను క్షమాపణ వేడవలసి వచ్చెను.

ఆ కొఱతకు దళారి యొక్కడే కారణము గాడు. కోవిడ్ మహమ్మారి దినములలో జనులు ఇంటిపట్టున నుండి కంప్యూటర్లకై యెగబడిరి. చిప్పులు చేయు కర్మాగారములు గిరాకికి దగినన్ని చేయజాలకుండెను. ఈథీరియమ్ అను డిజిటల్ నాణెమును సంపాదించుటకు వ్యాపారులు కార్డులను గుట్టలుగ గొనిరి. 2022లో ఆ నాణెముల వెల పడిపోయెను. సెప్టెంబరు 15వ తేదీని ఈథీరియమ్ ఆ గణనపద్ధతినే మానెను. కార్డుల రాకయు పెరిగెను. అంతట వెలలు దిగివచ్చెను, దళారియు దిగిపోయెను. 2025 జనవరి 30వ తేదీని మఱియొక గొప్ప కార్డు చాలీచాలని సరకుతో వెలువడగనే దళారి మరల ప్రత్యక్షమయ్యెను. దీనిబట్టి వాడు కొఱతను బుట్టించువాడు గాడనియు, పుట్టిన కొఱతపై బ్రదుకువాడనియు దెలియుచున్నది.

గ్రాఫిక్స్ కార్డు మన యూళ్లలో నందఱకును గావలసిన వస్తువు గాదు. రైలు టిక్కెట్టు అట్టిది గాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో వలస యెఱుగని గ్రామ మరుదు. ఉద్దానమునుండియు, బొబ్బిలి, చీపురుపల్లి ప్రాంతములనుండియు జనులు హైదరాబాదు, చెన్నపట్టణము, విజయవాడలకు గట్టడపు పనులకు బోవుదురు. మన తీరపు మత్స్యకారులు గుజరాతునందలి వేరావల్ రేవుదాక బోవుదురు. వీరందఱును సంక్రాంతికి ఇల్లు చేరగోరుదురు. పండుగ యొక్కటే, దినము లొక్కటే, బండ్లు మాత్రము కొలదివి.

పండుగకు వచ్చుటకంటె మరలి పోవుట మఱింత కష్టము. మనమీదుగ బోవు దూరపు బండ్లలో బెక్కు లితర స్థలముల బయలుదేఱును. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరానుండియు, విశాఖ ఎక్స్‌ప్రెస్ భువనేశ్వరమునుండియు వచ్చును. పలాసలోను, శ్రీకాకుళము రోడ్డు స్టేషనులోను, విజయనగరములోను ఎక్కువారికి మిగులు బెర్తులు తక్కువ. చెప్పిన దినమున పనికి జేరనివాని స్థానమున మేస్త్రీ వేఱొకని బెట్టుకొనును. అందుచే బెర్తు దొరకని కుటుంబము పిల్లలతోను మూటలతోను జనరల్ పెట్టెలో ద్వారమునొద్ద నిలిచి, రాత్రి యెల్ల ప్రయాణము సేయును. బెర్తు లేమి వారికి గేవలము సౌఖ్యలోపము గాదు. ఒక్కొక్కపుడు కూటిని, ఒక్కొక్కపుడు ప్రాణమునే ముట్టు సంగతి.

తొందరపనిమీద బోవువానికి గొన్ని బెర్తులు మిగిల్చి యుంచవలె నను సదుద్దేశముతో 1997లో తత్కాల్ ఏర్పాటు పుట్టినది. బండి బయలుదేఱు దినమునకు ముందుదినమున 10 గంటలకు ఏసీ తరగతులకును, 11 గంటలకు దక్కిన తరగతులకును టిక్కెట్లు తెఱతురు. పండుగ దినములలో గంట కొట్టిన కొలది నిమిషములకే బెర్తులు నిండిపోవును. దళారి పలు ఖాతాలను సిద్ధపఱచుకొని, పేర్లు, వయస్సులు, సొమ్ము చెల్లింపు వివరములు ముందుగనే నింపిన సాఫ్ట్‌వేరుతో గాచుకొని యుండును. కూలివాడు తన ఫోనులో రెండవ పేరు వ్రాయునప్పటికి ఆట ముగియును.

ఇచట కార్డు దళారికిని, టిక్కెట్టు దళారికిని గల భేదమును గమనింపుడు. కార్డుపై గొనువాని పేరుండదు గనుక దానిని దాచి యెవరికైన నమ్మవచ్చును. టిక్కెట్టుపై ప్రయాణికుని పేరుండును. రైలులో గుర్తింపు పత్రమును జూపవలెను. కావున టిక్కెట్టు దళారి ముందుగనే బేరము కుదుర్చుకొని, వరుసలో నొక చోటు నమ్ముచున్నాడు. ఆ చోటు వానిది కాదు. అది వరుసలో నిలిచిన మఱియొకని వంతు.

దళారి పక్షమున వాదించువారు లేకపోలేదు. “వాడు దొంగిలింపలేదు, వెల యిచ్చి కొనెను, ఇష్టమున్నవాడే హెచ్చు సొమ్ము నిచ్చుచున్నాడు, ఇందు దోషమేమి?” యని వా రందురు. పలాస జీడిపప్పు వర్తకునితో వీనిని బోల్చి చూడుడు. అతడు ఉద్దానపు తోటల పిక్కలను గొని, యెండబెట్టించి, కాల్పించి, ఒలిపించి, రకములుగ నేర్పఱచి, ఏడాది పొడుగునను దూరపట్టణములకు బంపును. అతని లాభములో శ్రమ యున్నది, నష్టభయమును ఉన్నది. అతడు లేనిచో ఆ పప్పు దూరమున నున్నవానికి జేరదు. టిక్కెట్టు దళారి లేకున్నను బండి కదలును, బెర్తు నిండును. వాడు బండికి నొక్క పెట్టెనైన నదనముగ దగిలింపలేదు. ఇక కొనువాని యిష్టమందురా, అది దప్పికగొన్నవాడు కడవెడు నీటికి జెప్పినంత యిచ్చుట వంటిది.

మఱికొందఱు వెలనే పెంచినచో దళారికి జోటుండదందురు. గిరాకికొలది ధర పెరుగు ప్రీమియం తత్కాల్ 2014లో వచ్చినది. దళారి జేబునకు బోవు సొమ్ము ప్రభుత్వ ఖజానాకు జేరుట మేలే. అయినను వెలను బట్టి పంచునపుడు తాపీపనివానికంటె ఉద్యోగియు, ఉద్యోగికంటె ధనికుడును ముందు కూర్చుండును. విమానమునకు వెల పెరిగిన జనులు రైలెక్కుదురు. రైలునకును బెరిగినచో బీదవా డేమెక్కవలెను? అట్లని వెల తక్కువగ నుంచి సరకు పెంచకున్నచో, ఆ తగ్గింపు బీదవానికి దక్కక దళారి పాలగును. ఈ రెండవ సంగతిని మన పెద్దలు తఱచు మఱచుచున్నారు.

కొఱత తీఱువఱకు న్యాయమైన పద్ధతి, మనుష్యుని బేరు బట్టి వరుస నిర్ణయించుటయే. ఈవీజీఏ అను కార్డుల కంపెనీ 2020లో పేరు నమోదు చేసికొన్న వరుసనే కార్డులు కొన ననుమతించెను. మన రైల్వేవారును ఆ త్రోవనే పట్టిరి. 2025 జూలై 1వ తేదీనుండి ఇంటర్నెట్టుమీద తత్కాల్ టిక్కెట్టు కొనువాని ఖాతాకు ఆధారు ధ్రువీకరణము నిర్బంధమయ్యెను. మొదటి యరగంటలో ఏజెంట్లు కొనరాదని నిషేధించిరి. 1989 నాటి రైల్వే చట్టము 143వ సెక్షను, అనుమతి లేక టిక్కెట్ల వ్యాపారము సేయువానికి 3 ఏండ్లదాక కారాగారమును, 10,000 రూపాయలదాక జరిమానాను విధించుచున్నది. ఆ సెక్షను ఇంటర్నెట్టు టిక్కెట్లకును వర్తించునని సుప్రీంకోర్టు 2025 జనవరి 9వ తేదీని తీర్పు చెప్పెను.

ఈ కట్టుబాట్లు మంచివే. కాని వీనివలన నొక చిక్కు గలదు. ఆధారు ధ్రువీకరణము, ఫోనుకు వచ్చు సంకేతాంకము, సొమ్ము చెల్లింపు, ఇవి చదువు రానివానికి గొండంత పని. వానికి మరల దళారియే దిక్కగును. మఱియు నెన్ని తాళములు వేసినను కొఱత యున్నంతకాలము తాళము తీయువాడు పుట్టుచునే యుండును. కార్డుల వృత్తాంతము నేర్పిన పాఠ మిదియే. కావున పండుగ ప్రత్యేక బండ్లను నవంబరులోనే ప్రకటింపవలెననియు, స్లీపరు, జనరల్ పెట్టెలను పెంచవలెననియు, మన స్టేషనులకు దగిన బెర్తులు కేటాయింపవలెననియు పురప్రముఖులును ప్రజాప్రతినిధులును రైల్వేవారిని గట్టిగ గోరవలెను.

ఇక విద్యార్థులారా, మీ చేతిలోని పనియు గొంత గలదు. 2024 నవంబరు 1వ తేదీనుండి రిజర్వేషను 60 దినములు ముందుగ తెఱచుచున్నారు. అనగా సంక్రాంతి ప్రయాణమునకు నవంబరు నడుమనే మేలుకొనవలెను. ఫోను నడుప నేర్చిన ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఆ దినమున పొరుగింటి యవ్వ కొడుకునకు, వీథిలోని కూలివానికి వాని పేరిట ఖాతా తెఱచి, వాని యెదుటనే టిక్కెట్టు కొనిపెట్టవలెను. అందుకు బైస పుచ్చుకొనరాదు. సాఫ్ట్‌వేరు వ్రాయ నేర్చిన పెద్ద తరగతుల వారిలో గొందఱు, ఇతరులకంటె ముందుగ గొనుటయే తెలివియని భ్రమపడుదురు. తమ ఖాతాతో లాభమునకై పరులకు టిక్కెట్లు కొనుట వ్యాపారమే యగును, నేరమే యగును.

తలిదండ్రులకును ఒక మనవి. దళారికి బోవు ప్రతి రూపాయియు రాబోవు పండుగకు వాని పెట్టుబడి. మన యవసర మెంత గొప్పదైనను, మన వెనుక నిలిచినవాని యవసరము మనకంటె గొప్పదై యుండవచ్చును. మధ్యాహ్న భోజనపు వరుసలో దన వంతు వచ్చువఱకు నిలుచుటను బాలుడు పాఠశాలలో నేర్చుచున్నాడు. ఇంటిలో బెద్దలు దళారికి ఫోను చేయుచుండగా జూచిన దినమున వాడు ఆ పాఠమును మఱచును.