చిప్పు సరే, ఆంటెన్నా సంగతేంది?

తాళంచెవి ఇంట్లనే ఉన్నా, దాని సిగ్నల్‌ను సాగదీసి దొంగలు కార్లు ఎత్కపోతున్నరు. దీనికి మందుగ అల్ట్రా వైడ్‌బ్యాండ్ వచ్చింది. సిగ్నల్ పోయొచ్చే టైంను బట్టి ఫోను ఎంత దూరముందో కారు కొలుస్తది. అందరు చిప్పునే పొగుడుతున్నరు. నేనైతే ఆంటెన్నా దిక్కు చూడమంట.

2002ల అమెరికా ఎఫ్‌సీసీ ఈ రేడియోకు 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ దాకా జాగ ఇచ్చింది. ఫోన్ల వాడే ఒక్క ఛానలే సుమారు 500 మెగాహెర్ట్జ్ వెడల్పు. అంత వెడల్పుల ఆంటెన్నా అన్ని ఫ్రీక్వెన్సీలను ఒక్కతీరుగ పంపాలె. కొన్ని ముందుగాల, కొన్ని ఎనుక పోతే పల్స్ చెదురుతది. ఒక్క నానోసెకనుల రేడియో అల 30 సెంటీమీటర్లు ఉరుకుతది; అందుకే జరంత ఆలస్యమైనా దూరం లెక్క తప్పుతది.

సిగ్నల్ అందుతుందా అని చూస్తే సాలదు. ఫోను జేబులున్నా, ఏ దిక్కు తిప్పినా లెక్క ఎంత తప్పుతుందో కంపెనీలు కొలిచి బయటపెట్టాలె. లక్షలు పోసి కార్లు కొనేటోళ్లు ముందుగాల ఇదే అడగాలె.