పాత తుపాకి, పాత దొరతనము

శంషాబాదు విమానాశ్రయమునందు ప్రయాణికుల సంచులలో తూటాలు బయటపడుట పత్రికా పాఠకులకు క్రొత్త వార్త కాదు. 2008 మార్చి 23వ తేదీన బేగంపేటనుండి విమానముల రాకపోకలు శంషాబాదునకు మారినది మొదలు ఇట్టి వార్తలు పలుమారు వెలువడినవి. పట్టుబడినవారందరును దుండగులు కారు. లైసెన్సు తుపాకి గలవాడొకడు తూటాను సంచిలో మరచితిననును. మరియొకడు అది సంచిలోని కెట్లు వచ్చెనో యెరుగననును. మనుష్యుని ప్రాణము తీయుటకు పోతపోసిన వస్తువు తాళపుచెవివలె, చిల్లర డబ్బువలె సంచి మూలలలో మరువబడుచున్నదన్నచో, తుపాకి మన గృహములలో ఎంతటి ముద్దుబిడ్డయై పెరుగుచున్నదో గ్రహింపవచ్చును. అందును పాత సైన్యపు తుపాకియనిన పడిచచ్చువారు మనలో లేకపోలేదు. ఆ మోజు మంచి చెడ్డలను విచారించుట నేడు అవసరము.

అందు ఆకర్షణ లేదనుట అసత్యము. ఈశాపూరు కర్మాగారమున తయారైన .303 రైఫిలును పరిశీలించి చూడుడు. దాని లోహపు పట్టీపై కిరీటముద్ర, రాజుపేరి పొడియక్షరములు, కర్మాగారము పేరు, తయారైన సంవత్సరము చెక్కబడి యుండును. వరుససంఖ్యయు నుండును. చదువనేర్చినవానికి అది ఇనుముపై వ్రాసిన చరిత్ర. 1962 నాటి చీనా యుద్ధానంతరము ఆ కర్మాగారమే 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగినట్లు ఆ రైఫిలును మార్చి తయారుచేసెను. అట్టివి పెక్కులు కాలము దీరిన పిమ్మట సముద్రము దాటి అమెరికా సేకర్తల గోడలకెక్కినవి. మన జవాను భుజమున మోసిన తుపాకి ముద్రలను అచ్చటి ఔత్సాహికుడు అక్షరమక్షరము చదువుచున్నాడు. ఆ విద్యను మేము గౌరవింతుము. అట్టి విద్య మనకు లేదని విచారింతుము.

కాని విద్య వేరు, దర్పము వేరు. మన దేశమున తుపాకి మోజు చరిత్రాభిమానమునుండి పుట్టినది కాదు; దాస్యమునుండి పుట్టినది. 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధ చట్టము దేశీయుని లైసెన్సునకు లోబరచి, ఐరోపీయుని మినహాయించెను. నాటినుండి తుపాకి ఆత్మరక్షణ సాధనమగుట మాని, దొరతనమునకు గురుతయ్యెను. ఏలినవారి దయ ఎవనిపై ప్రసరించెనో వాని గోడపై తుపాకి వ్రేలాడెను. నిజాము రాజ్యమున చట్టము వేరైనను కథ యొక్కటియే. శంషాబాదు పేరే పాయిగా అమీరుల శంసుల్ ఉమ్రా బిరుదమునుండి వచ్చినదని చెప్పుదురు. ఆ పాయిగావారు నిజాము స్వంత సైన్యమునకు నాయకులు. సేనాధిపతి బిరుదము ఊరికి నిలిచినది. ఆ సేనకు గింజలు పండించిన రైతుల పేర్లు ఎవరికి జ్ఞప్తియందున్నవి?

ఆ రైతులకు తుపాకి ఎట్లు కనబడినది? 1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున విసునూరు దేశముఖు మనుష్యులు కాల్చిన గుండుకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. గడీలో తుపాకి, వీధిలో కర్రయు వడిసెలయు: నాటి తెలంగాణమున న్యాయపు త్రాసు అది! రెండేండ్లకు, 1948లో, సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి విమానములపై నిజామునకు ఆయుధములు చేరవేసెను. విమానమునకును తుపాకికిని ఈ నేలపై పాత చుట్టరికము కలదు. సెప్టెంబరు 13వ తేదీన భారతసేన ప్రవేశించెను. అయిదు దినములలో అంతయు ముగిసెను. ధనము గుమ్మరించి తెప్పించిన తుపాకులు సింహాసనమును నిలుపలేకపోయినవి. ఆ కాలముననే, ప్రపంచయుద్ధము మిగిల్చిన డకోటా విమానములు దక్కను ఎయిర్వేసు పక్షమున బేగంపేటనుండి ప్రయాణికులను మోసెను. యుద్ధము మిగిల్చిన సామగ్రికి రెండు గతులు కలవు: ఒకటి జనమునకు ఊడిగము, రెండవది జనముపై పెత్తనము.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. స్వతంత్రునకు ఆయుధము హక్కు కాదా, 1931 నాటి కరాచీ కాంగ్రెసు తీర్మానము దానిని అంగీకరింపలేదా యందురు. అంగీకరించిన మాట నిజము. నియమములకు లోబడి యను మాటయు అందే కలదు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు హెచ్.వి. కామత్ ఆ హక్కును చేర్పవలెనని సవరణ తెచ్చెను. అంబేద్కరు ఎదిర్చెను, సభ త్రోసిపుచ్చెను. హైదరాబాదున రజాకార్ల తుపాకులు చల్లారి మూడు నెలలైనను నిండని కాలమది! సభ చేసినది పిరికితనము కాదు, వివేకము.

నేటి చట్టమును స్పష్టమే. 1959 నాటి ఆయుధ చట్టమునకు 2019లో వచ్చిన సవరణ, సామాన్యునకు మూడు తుపాకులుగానున్న పరిమితిని రెండింటికి తగ్గించెను. తాతలనుండి వచ్చినవియు ఆ లెక్కలోనివే. బాగుచేసినను పేలజాలని పాతకాలపు ఆయుధమునకు మాత్రము చట్టము వెసులుబాటు నిచ్చినది. మరియు 1972 నాటి పురావస్తు చట్టము ననుసరించి, నూరేండ్లు నిండిన చారిత్రక వస్తువును ప్రైవేటు వ్యక్తి దేశము దాటింపరాదు. కావున శంషాబాదునందలి తనిఖీబల్ల తూటాలకు మాత్రమే కాదు, మన చరిత్రకును కావలి.

అట్లని సేకరణమే నింద్యమని మా మతము కాదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమెల్ల ప్రోగుచేసిన వస్తువులు 1951 డిసెంబరు 16వ తేదీన ప్రజలకు తెరువబడినవి. అచ్చటి ఆయుధశాలను కూలివాడును చూడవచ్చును, కోటీశ్వరుడును చూడవచ్చును. ప్రోగుచేయుట తప్పు కాదు. ప్రోగుచేసినదాని కథను మ్రింగి, దాని మెరుపును మాత్రము గోడకెక్కించుట తప్పు.

కావున ప్రభుత్వమునకు మా విన్నపము. జప్తుచేసిన పాత తుపాకులను కరగించుటకు ముందు పురావస్తుశాఖవారిచే పరీక్షింపజేయవలెను. చరిత్ర గలవానిని పేలకుండజేసి, వివరములతో జిల్లా మ్యూజియములకు పంపవలెను. శంషాబాదు విమానాశ్రయమున దేశదేశముల ప్రయాణికులు నడచు త్రోవలో ఒక అద్దాల పెట్టె నుంచి, గడీలోని తుపాకిని, రైతు చేతి వడిసెలను ప్రక్కప్రక్కన నిలుపవలెను. ఈ నేల చరిత్ర చెప్పుటకు అంతకు మించిన బోధకుడు లేడు.

గృహస్థులకును ఒక మాట. అటకపైని తుపాకికి లెక్క చెప్పుడు, కథయున్నచో వ్రాసియిండు. ఎవరిది, ఎట్లు వచ్చినది, ఏ యూరిలో కాల్చబడినది అను వివరములు లేని తుపాకి ఇనుపకడ్డీతో సమానము. తాతగారి తుపాకిని చూపి మీసము దువ్వుకొనువాడు, అది ఎవరిపై పేలినదో ముందుగా చెప్పుగాక!