మూడు మైళ్ళ అవతలే కదా!

"మైను ఆ చిత్తడి లోపల కాదుగా బాసూ, మూడు మైళ్ళ అవతలే కదా! దానికింత గొడవేంటి?"

ఈ మాట అన్నది మా ఆఫీసులో నాకు బాగా ఇష్టమైన మనిషి. డేటాబేసుల గురించి ఆయన ఏం చెప్పినా నోరు మూసుకుని వింటాను. నీళ్ళ గురించి చెప్పేసరికి మాత్రం ఒళ్ళు మండింది. లంచ్ టేబుల్ దగ్గర సమాధానం సరిగ్గా కుదరలేదు (నాకెప్పుడూ అంతే, మంచి జవాబులన్నీ కారులో ఇంటికెళ్తుంటే తడతాయి). అప్పుడు చెప్పలేకపోయింది ఇప్పుడు చెబుతున్నా. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

2024 మార్చిలో మేం నలుగురం అట్లాంటా నుంచి ఐదు గంటలు డ్రైవ్ చేసి ఒకిఫినోకీ వెళ్ళాం. జార్జియాకి దక్షిణం కొసన, ఫ్లోరిడాని ఆనుకుని ఉన్న పెద్ద చిత్తడి. నాలుగు లక్షల ఎకరాలకి పైనే. 1937 నుంచి వన్యప్రాణుల రక్షిత ప్రాంతం. లోపల రోడ్లు లేవు. నీళ్ళ మీద దారులున్నాయి, కనూ వేసుకుని తెడ్డు కొట్టుకుంటూ పోవడమే. రాత్రికి నీళ్ళ మధ్య ఒక చెక్క వేదిక. ఆ వేదిక ఆ రాత్రికి ఒక్క బృందానికే ఇస్తారు. పొద్దున పదిలోపు నీళ్ళలో దిగకపోతే పంపరు. రాత్రి బస ఉన్న దారుల్లో మోటారు కుదరదు.

మా వాళ్ళ ముఖాలు చూడాలి! "ఇంతదూరం వచ్చింది చెక్కల మీద పడుకోడానికా?" అని ఒకడు. "ఇదే దుబాయ్‌లో అయితే ఈపాటికి గాజు పడవలు పెట్టి, మధ్యలో రెస్టారెంట్ కట్టేసేవాళ్ళు" అని ఇంకొకడు. వీడు బ్లూటూత్ స్పీకర్ కూడా తెచ్చాడు. మొదటి పాట పల్లవి అవకముందే పక్కన గట్టు మీద దుంగలా పడున్న మొసలి ఒకటి నిదానంగా లేచి మా పడవ పక్కనే నీళ్ళలోకి జారింది. స్పీకర్ మళ్ళీ బయటికి రాలేదు :)

మొదటి కొన్ని మైళ్ళూ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. అది నది కాదు, కాలువ. 1891లో ఒక కంపెనీ ఈ చిత్తడిలో పెద్ద భాగాన్ని జార్జియా రాష్ట్రం దగ్గర కొనేసి, నీళ్ళన్నీ బయటికి తోడేసి, కలప కొట్టి, వ్యవసాయం చేద్దామనుకుంది. పదకొండు మైళ్ళ పైన తవ్వాక డబ్బులైపోయి వదిలేశారు. తర్వాత వచ్చిన కలప కంపెనీ 1927 దాకా పెద్ద పెద్ద సైప్రస్ చెట్లని నరుక్కుపోయింది. అంటే ఈరోజు మనం 'ఆహా, ప్రకృతి!' అనుకుంటూ ఫొటో తీసుకునే చోటు ఎవరి చేతా చిక్కక మిగిలింది కాదు. చంపడానికి రెండు తరాలు ప్రయత్నించి ఓడిపోయిన చోటు.

కాలువ వదిలి పక్కకి తిరిగాక అసలు కథ మొదలు. అక్కడివాళ్ళు 'ప్రెయిరీ' అంటారు గానీ గడ్డి మైదానం కాదది. నీళ్ళలో గడ్డి, కలువాకులు, పురుగుల్ని తినే మొక్కలు. నీళ్ళు డికాషన్ రంగు. అడుగున ఆకులూ అలములూ కుళ్ళి వేల ఏళ్ళుగా పేరుకున్న పీట్ మట్టి. కొన్నిచోట్ల అది లోపలి గ్యాసుకి పైకి తేలి దీవిలా ఉంటుంది, కాలు పెడితే పక్కనున్న చెట్టు కూడా ఊగుతుంది. ఒకిఫినోకీ అంటే 'వణికే నేల' అని అర్థం చెబుతారు.

దారి పడవంత వెడల్పే. తెడ్డు నిలువుగా దింపితే మోచేయి కూడా తడవని లోతు చాలాచోట్ల. రెండుసార్లు కనూ అడుగు ఆనిపోయింది. తెడ్డుని గడలా పొడిచి తోశాను. కొల్లేటి దోనెలో మా తాతయ్య గడ వేస్తుంటే చూసిన చూపు అన్నేళ్ళ తర్వాత చేతుల్లోకి వచ్చింది. అప్పుడు అర్థమైంది నాకు, ఇక్కడ ఆరంగుళాల నీళ్ళు తగ్గితే ఈ దారి లేదు. నిజంగానే లేదు, నీటిమట్టం పడిపోయినప్పుడు దారులు మూసేస్తారు. మ్యాపు మీద చిత్తడి అంటే ఆకుపచ్చ రంగు. పడవలో కూర్చున్నవాడికి చిత్తడి అంటే అంగుళాల లెక్క.

ఇప్పుడు మా ఆఫీసు పెద్దమనిషి మూడు మైళ్ళ సంగతికి వద్దాం.

ఈ చిత్తడికి తూర్పున ట్రెయిల్ రిడ్జ్ అని పొడవాటి ఇసుక దిబ్బ ఉంది. ఒకప్పుడు సముద్రపు ఒడ్డు. ఆ దిబ్బే ఈ నీళ్ళకి తూర్పు గట్టు. అందులో టైటానియం ఉంది. తెల్ల పెయింటు తెల్లగా ఉండటానికి వాడే టైటానియం డయాక్సైడ్ దాన్నుంచే వస్తుంది. ట్విన్ పైన్స్ అనే కంపెనీ 2019లో ఆ దిబ్బని యాభై అడుగుల దాకా తవ్వి, ఖనిజం ఏరుకుని, మిగిలిన ఇసుక మళ్ళీ గుంటలో పోస్తామంది. భూగర్భజలం కూడా తోడతామంది. అదంతా రక్షిత ప్రాంతం సరిహద్దుకి బయటే, నిజమే. కానీ పొరలు పొరలుగా ఉన్న గట్టుని తవ్వి, కలిపేసి, తిరిగి పోస్తే అది గట్టు అవుతుందా, జల్లెడ అవుతుందా?

మన భాషలో చెబుతా. ప్రొడక్షన్ పడిపోయినప్పుడు "నేను మీ కోడ్ జోలికి పోలేదండీ, పక్క సర్వీసులో కాన్ఫిగ్ ఫైలు మార్చానంతే" అని ఒకడు వచ్చి చెబితే ఏమంటారు మీరు? ఆ పెద్దమనిషి అయితే ఏమంటాడో నాకు బాగా తెలుసు, రెండుసార్లు నేనే తిన్నాను ఆ తిట్లు. అదే తెలివి నీళ్ళ దగ్గరికొచ్చేసరికి ఏమైపోతుంది?

పీట్ తడిగా ఉన్నంతకాలం మట్టి, ఆరితే బొగ్గు. 2011లో ఇక్కడ అంటుకున్న మంట దాదాపు ఏడాది పాటు పూర్తిగా ఆరలేదు, మూడు లక్షల ఎకరాలు కాలింది. 2017లో మళ్ళీ లక్షన్నర. చిత్తడికి మంటలు సహజమే, కాదనను. కానీ నీటిమట్టం మనమే దించి, ఆ మంటకి వంటచెరుకు కూడా మనమే ఆరబెట్టి పెట్టాలా?

సరే, దీన్ని ఎవరు కాపాడారు? "అమెరికాలో చట్టాలు గట్టివి, మన దేశం లాగా కాదు" అని వెంటనే మొదలెట్టే మిత్రులకి ఇక్కడ కాస్త నిరాశ. చట్టం కాపాడలేదు. 2020లో ఫెడరల్ నియమం మారి, ఆ మైను స్థలంలోని తడినేలలు చాలావాటికి ఉన్న రక్షణే ఊడిపోయింది. 2024 ఫిబ్రవరిలో రాష్ట్రం ముసాయిదా అనుమతులు కూడా ఇచ్చేసింది. జనం కుప్పలు తెప్పలుగా అభ్యంతరాలు రాశారు, నేనూ ఒకటి రాశాను. చివరికి 2025 జూన్‌లో ఒక పరిరక్షణ సంస్థ దాదాపు ఆరు కోట్ల డాలర్లిచ్చి ఆ భూమి కొనడానికి ఒప్పందం చేసుకుంది. అంతకుముందు 1990ల్లో డ్యూపాంట్ ఇదే దిబ్బ మీద ఇదే పని చేయబోయి, గోల భరించలేక మానుకుంది. 2003లో పదహారు వేల ఎకరాలు వదిలేసుకుంది. అంటే ప్రతిసారీ చట్టం చేతులెత్తేస్తే, జనం అరిస్తే, ఎవరో జేబు తీస్తే ఆగింది.

ఆ వార్త వచ్చిన రోజు నేను గర్వంగా మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో కనూ ఫొటో పెట్టాను. చిన్నమావయ్య రెండే ముక్కలు రాశాడు: "మరి మన చెరువో?"

తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మా అమ్మది కొల్లేటి లంక ఊరు. అమ్మ వాటాకి వచ్చిన పట్టా భూమి మావయ్య వాళ్ళ చేపల చెరువులో కలిసి ఉంది. నా ఇంజనీరింగ్ ఆఖరి రెండేళ్ళ ఫీజు ఆ లీజు డబ్బే. అంటే ఆ గట్ల మీద నడిచే నేను అట్లాంటా దాకా వచ్చాను. ఆ గట్లు ఉన్నది అభయారణ్యం లోపల.

కొల్లేటి లెక్క కూడా అంగుళాలదే, కాకపోతే అక్కడ అడుగుల్లో చెబుతారు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా, అంటే +5 కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యం చేశారు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు పేల్చేశారు. జిరాయితీ రైతులకి పరిహారం తేల్చకుండా పేల్చారు, కాబట్టి గట్లు మళ్ళీ లేచాయి. కేంద్రం వేసిన నిపుణుల కమిటీ +5 ఉంచమంది. 2015లో మన అసెంబ్లీ +3కి తగ్గించమని తీర్మానం చేసింది. రెండడుగులేగా అనుకోకండి. +3 అంటే 135 చదరపు కిలోమీటర్లు. పేపరు మీద రెండడుగులు కిందకి దించితే సగానికి పైగా సరస్సు సరస్సు కాకుండా పోతుంది. "అది సరస్సు కాదు, పక్కనున్న పొలం" అంటారు. మూడు మైళ్ళ అవతలే కదా!

కానీ వానాకాలంలో నీళ్ళకి ఈ తీర్మానం సంగతి తెలీదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోస్తాయి, బయటికి దారి ఒక్క ఉప్పుటేరు. మధ్యలో ఆగి విస్తరించాల్సిన జాగా అంతా గట్లు. ఆ నీళ్ళు ఎక్కడికి పోవాలి? మావయ్య వాళ్ళ ఊళ్ళోకే పోతాయి. పోయాయి కూడా, 2024 సెప్టెంబరులో. మావయ్య ఇంట్లో మంచాలు ఇటుకల మీద పెట్టుకున్నారు.

మావయ్యని విలన్ని చెయ్యడం నాకు చాలా తేలిక, ఆయన డబ్బుతో చదువుకుని ఇక్కడ కూర్చున్నాక మరీ తేలిక. ఫోన్ చేసి రిడ్జ్, పీట్, నీటిమట్టం అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. "బాగుందిరా. మీ జార్జియాలో కంపెనీ వాడికి ఆరు కోట్ల డాలర్లిచ్చి కొనుక్కున్నారు. మాకేమో బాంబులు పెట్టారు. మమ్మల్ని ఎవరు కొంటార్రా?" అన్నాడు.

దీనికి నా దగ్గర జవాబు ఉంది, అదే నా వాదన కూడా. పట్టా ఉన్నవాళ్ళ భూమిని ప్రభుత్వం నికరమైన ధరకి కొనాలి, ముందు డబ్బు, తర్వాతే పొక్లెయిను. పట్టా లేకుండా సరస్సుని ఆక్రమించి వందల ఎకరాలు లీజులకిచ్చుకునే పెద్ద చేతులకి మాత్రం పైసా ఇవ్వకూడదు. +5ని అంగుళం కదపకూడదు. ఖర్చు ఎక్కువంటారా? ఎక్కువే. ప్రతి వరదకీ ఇళ్ళకీ పొలాలకీ పంచే నష్టపరిహారం కూడా ఖర్చే కదా, దాన్ని ఎవరూ ఆ ఖాతాలో రాయరు.

పోయిన సంక్రాంతి ముందు +3 కోసం కోర్టు ఖర్చులకని ఊరివాళ్ళు చందాలు ఎత్తారు. అమెరికాలో ఉన్నవాళ్ళు తలా ఐదొందల డాలర్లు వెయ్యాలని గ్రూపులో పెట్టారు. అందరూ వేశారు. స్పీకర్ తెచ్చిన వాడు కూడా వేశాడు, వాడూ మా ఊరివాడే. నేను వెయ్యనన్నాను, ఎందుకో కూడా అదే గ్రూపులో రాశాను. అప్పట్నుంచీ మావయ్య నా ఫోనెత్తడం లేదు. అమ్మ ఎత్తుతుంది గానీ కొల్లేరు మాట తెస్తే "అన్నం తిన్నావా?" అంటుంది.

లీజు వాటా మాత్రం ఈ ఏడు కూడా టంచనుగా అమ్మ ఖాతాలో పడింది.