ఆరోగ్యం మాట: ఎముకను తినే కణం

కిందటి సంచికలో కీళ్ళనొప్పుల గురించి చదివి మన బసవకళ్యాణ్ పెద్దమ్మ ఒకావిడ నన్ను నిలదీశారు. "బిడ్డా, బొక్కంటే రాయసొంటిది గదా, అదెట్ల అరుగుతది? కాల్షియం గోలీలు మింగితే చాలదా?"

ఎముక రాయి కాదండీ. మన కోటగోడ బాగుచేసే మేస్త్రీ ముందు వదులైన రాళ్ళు ఊడబీకి, తరువాత కొత్తవి పేరుస్తాడు. ఎముకలోనూ జీవితాంతం ఇదే పని. కట్టేది ఆస్టియోబ్లాస్టు, ఊడబీకేది ఆస్టియోక్లాస్టు. రెండోదానికి ఆ పేరు పెట్టినవాడు కోలికర్, 1873లో.

దాని రూపం చూడముచ్చటైనది. మోనోసైట్ల వంశపు కణాలు కొన్ని కలిసిపోయి ఒక్కటవుతాయి, అందుకే ఒకే కణంలో అనేక కేంద్రకాలు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే ఎముకకు ఆనిన వైపు పొర చీర కుచ్చెళ్ళలా ముడతలుగా ఉంటుంది. చుట్టూ కుక్కరు గాస్కెట్టులా ఒక అంచు గట్టిగా అతుక్కుంటుంది. ఆ మూసిన జాగాలోకి ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగిస్తుంది. మిగిలిన కొల్లాజెన్‌ను కాథెప్సిన్-కె అనే ఎంజైము కోస్తుంది. చివరకు మిగిలేది చిన్న గుంట. కరిగిన కాల్షియం, భాస్వరం రక్తంలో చేరతాయి. అన్నట్టు, రక్తంలో భాస్వరం కొలిచే ప్రసిద్ధ పద్ధతిని 1925లో ఫిస్కేతో కలిసి ప్రకటించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే!

ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గుతుంది. ఊడబీకే కణాలు పెరుగుతాయి, ఎక్కువకాలం బతుకుతాయి. కట్టేవి వాటిని అందుకోలేవు. కాల్షియం అవసరమే గానీ, ఇటుకలు తెచ్చి పోసినంతమాత్రాన కూలగొట్టేవాడు ఆగడు కదా! అలెండ్రొనేట్ వంటి మందులు ఎముకలో కాచుకుని ఉండి, తినవచ్చిన కణంలో దూరి ఆ కుచ్చెళ్ళనే చెరిపేస్తాయి. ఆ మాత్రను పరగడుపున గ్లాసెడు మంచినీళ్ళతో మింగి, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. లేకుంటే అన్నవాహిక పుండు పడవచ్చు.

ఆరునెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ సంగతి వేరు. దాన్ని ఉన్నట్టుండి మానితే అణిగిన కణాలు ఒక్కసారిగా విజృంభించి వెన్నుపూసలు విరగవచ్చు. డాక్టరును అడగకుండా ఆపకండి. ఈ రెండింటిలో ఏది వాడుతున్నా, పన్ను పీకించుకునే ముందు పళ్ళ డాక్టరుకు చెప్పండి. అరుదుగానైనా దవడ ఎముక మానక ఇబ్బంది పెడుతుంది.