చదువు ఖర్చు చివరికి ఎవరు కడుతున్నారు?

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చి కౌన్సెలింగ్ దగ్గరపడేసరికి గోదావరి డెల్టాలో పొలాల బేరాలు కూడా మొదలవుతాయి. ఒకచోట అరెకరం, ఇంకోచోట కొబ్బరి తోటలో నాలుగు కుంచాలు అమ్మకానికి వస్తాయి. ఎందుకమ్ముతున్నావని ఎవరూ గుచ్చి అడగరు. పిల్లాడి చదువుకని అందరికీ తెలుసు. పేకాటకి అమ్మితే ఊరు నాలుగు మాటలు అంటుంది, చదువుకి అమ్మితే మెచ్చుకుంటుంది. ఆ మెచ్చుకోలు వల్ల అడగాల్సిన ప్రశ్నలు గొంతులోనే ఆగిపోతున్నాయి.

నా మాట ముందే చెప్పేస్తాను. పిల్లల కాలేజీ చదువుకి తల్లిదండ్రులు పెట్టాల్సిందే. పంట మీద వచ్చేదాంట్లోంచి, జీతంలోంచి, ఒళ్లు వంచి కూడబెట్టుకున్నదాంట్లోంచి పెట్టాలి. రేపు కాళ్లూ చేతులూ ఆడనప్పుడు తమను బతికించాల్సిన నేల అమ్మి మాత్రం పెట్టకూడదు. పెట్టిన ప్రతి రూపాయి లెక్కా ఇంట్లో అందరికీ, ముఖ్యంగా చదివే పిల్లకీ పిల్లాడికీ తెలియాలి. ఇక బండీ కారూ చదువు పద్దులోకి రావు.

లెక్క వేసి చూద్దాం. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకి 1,777. సార్వా, దాళ్వా కలిపి ఎకరానికి ఏటా 30 బస్తాల మక్తా వస్తుందనుకుంటే 53 వేల చిల్లర. నాలుగెకరాలు కౌలుకిచ్చి తణుకులోనో అమలాపురంలోనో కాపురం ఉంటున్న ఇంటికి ఏడాదికి వచ్చేది 2 లక్షల 13 వేలు. అదే ఇంట్లో పిల్లాడు మేనేజ్‌మెంట్ కోటాలో ఇంజనీరింగ్‌లో చేరి హాస్టల్లో ఉంటే, ఫీజుకీ మెస్సుకీ ఆ మక్తా చాలక వడ్డీకి తెచ్చే ఇళ్లు ఎన్నో. సాగు గిట్టడం లేదని 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి దేశమంతా విన్నది. రాబడి అలా ఉంటే నేల ధర మాత్రం ఏటికేడు పెరుగుతూ పోయింది. పండిస్తే చేతికేమీ మిగల్చని ఎకరం, అమ్మితే లక్షలు కళ్లజూపిస్తుంది. అందుకే అమ్మకం సులువైన దారిలా కనిపిస్తోంది.

చదువు భారమంతా తండ్రి ఒక్కడే మోయడం ఈ నేలకి కొత్త. పూర్వం పేదింటి పిల్లలు వారాలు చేసుకుని చదివారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో అన్నం. టంగుటూరి ప్రకాశం చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకున్నారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. చదువు చెప్పిన హనుమంతరావు నాయుడు ఆ పిల్లాణ్ణి తన వెంట రాజమండ్రి తీసుకొచ్చి చదివించారు. ఆ పిల్లాడే తర్వాత అదే రాజమండ్రికి మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు. కాకినాడ పి.ఆర్. కాలేజీ 1884లో పిఠాపురం సంస్థానం అండతో కాలేజీ స్థాయికి ఎదిగింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో, ఆడపిల్లని బడికి పంపడమే వింతగా చూసే కాలంలో, అక్కడ ఆడపిల్లల్ని చేర్చుకున్నారు. గురువు, ఊరు, సంస్థానం తలా ఒక చెయ్యి వేసిన చదువులవి.

2008లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ పనే ప్రభుత్వం చేతికి ఇచ్చింది. కూలీల ఇళ్లలో, కౌలు రైతుల ఇళ్లలో మొదటి ఇంజనీరు దాని పుణ్యమే. తర్వాత పథకం పేరు మారింది, 2021లో ఆ డబ్బు తల్లుల ఖాతాల్లోకి వెళ్లింది, ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే ఇస్తామన్నారు. ఎవరి ఖాతాలో వేసినా, బకాయిలు పేరుకుపోతే ఒత్తిడి పడేది ఇంటిమీదే. మేనేజ్‌మెంట్ సీటు వాళ్లకి ఆ పథకం ఎటూ లేదు.

ఇప్పుడు మనం మాట్లాడుకోవడానికి ఇష్టపడని విషయానికి వస్తాను. మగపిల్లాడి చదువుకి పెట్టింది చాలా ఇళ్లలో పెళ్లినాడు తిరిగి వసూలవుతోంది. పెళ్లిమాటల్లో మధ్యవర్తి మొదట ఎత్తే మాట ఇది: "వాళ్లు కుర్రాడి చదువుకి చాలా పెట్టారండీ." తర్వాత కట్నం, ఆ తర్వాత లాంఛనాలు, ఆడపడుచు కట్నం, ఆఖరున కారు. ఈ ప్రాంతంలో చాలామంది కుర్రాళ్ల మొదటి కారు కొన్నది మామగారే. అంటే మన పిల్లాడి బీటెక్కి, ఎమ్మెస్‌కి, కారుకి డబ్బు కట్టింది ఎవరో ఆడపిల్ల తండ్రి. ఆయన తన కూతుర్నీ చదివించాడు. ఒక తండ్రి రెండు చదువులకి కట్టాడు, ఇంకో తండ్రి ఒక్కదానికీ కట్టలేదు. 1961 నుంచి వరకట్న నిషేధ చట్టం ఉంది. చదువు ఖర్చు పేరు చెప్పగానే ఆ చట్టం ఎవరికీ గుర్తు రావడం లేదు, పెద్దమనుషులకి కూడా. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

కూతురి వాటా సంగతీ ఇందులోనే ఉంది. 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చేలా ఎన్టీఆర్ ప్రభుత్వం చట్టం సవరించి, ఉమ్మడి ఆస్తిలో పెళ్లికాని ఆడపిల్లకి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. పిత్రార్జితం రెండెకరాల్లో ఒక ఎకరం కొడుకు చదువుకి అమ్మితే, అందులో కొడుక్కి ఎంత వాటా ఉందో కూతురికీ అంతే ఉంది. ఆ అమ్మకానికి ఆమె సంతకం అడిగేటప్పుడు "అన్నయ్య స్థిరపడితే నిన్ను చూసుకోడా అమ్మా" అంటారు. ఆ పిల్ల సంతకం పెడుతుంది. ఎంత వాటా వదులుకుందో ఆమెకి ఎవరూ కాగితం మీద రాసి చూపించరు. అన్నయ్య చదువుకి పెట్టినంతా ఆమె చదువుకీ పెడితే పేచీ లేదు. పెట్టకుండా డిగ్రీతో ఆపి, పెళ్లి ఖర్చుని ఆమె వాటా కింద రాసుకుంటే అది అన్యాయం.

మరి డబ్బెక్కడిది? బ్యాంకు అప్పు అంటే మనవాళ్లకి భయం. కొంత నిజమైన భయమే. ఏటా రెండున్నర లక్షల చొప్పున నాలుగేళ్లు, పది శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు అయ్యాక ఇంకో ఏడాది కంతులు కట్టకుండా ఆగొచ్చు. అప్పటికి సాధారణ వడ్డీ మూడున్నర లక్షలు చేరి, అప్పు 13 లక్షల 50 వేలు అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 17,800. ఏడాదికి మూడున్నర లక్షల ప్యాకేజీతో హైదరాబాదులో మొదటి ఉద్యోగంలో చేరిన కుర్రాడికి అది కట్టాక గది అద్దెకీ అన్నానికీ ఏం మిగులుతుంది? ఆస్ట్రేలియాలో 1989 నుంచి చదువు అప్పుని, ఆదాయం ఒక స్థాయి దాటాకే, పన్నుతో కలిపి వసూలు చేస్తున్నారు. మన కంతుకి ఉద్యోగం వచ్చిందా లేదా అన్నదానితో పని లేదు.

అందుకే తల్లిదండ్రుల చెయ్యి ఇక్కడ పడాలంటాను. అప్పు పిల్లాడి పేరున, చదువుకునేన్నాళ్లూ వడ్డీ మాత్రం పెద్దవాళ్లు కట్టాలి. ఇదే లెక్కలో మొదటి ఏడాది వడ్డీ 25 వేలు, అరెకరం మక్తా. నాలుగో ఏడాది లక్ష, రెండెకరాల మక్తా. ఇలా కడుతూ వస్తే చదువయ్యాక మిగిలేది అసలు పది లక్షలే, వెంటనే కట్టడం మొదలుపెడితే కంతు 13,200కి దిగుతుంది. చదివే కాలంలో వడ్డీ కట్టేవాళ్లకి బ్యాంకులు వడ్డీ రేటులో కొంత తగ్గింపు కూడా ఇస్తాయి. ఏడున్నర లక్షల వరకు ప్రభుత్వ హామీ పథకం కింద ఆస్తి తాకట్టు లేకుండా ఇస్తారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద, పేరున్న విద్యాసంస్థల్లో సీటు వస్తే, ఏటా 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఇళ్లకి పది లక్షల అప్పు దాకా వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. అప్పు పిల్లాడి పేరున ఉంటే ఏ కాలేజీ అన్న ప్రశ్న కూడా వాడే గట్టిగా అడుగుతాడు. ప్లేస్‌మెంట్ల గురించి కరపత్రంలో వేసింది నమ్మడు, చదివి బయటికొచ్చిన సీనియర్‌కి ఫోన్ చేస్తాడు.

అమెరికా చదువుకి ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2025 సెప్టెంబరులో అక్కడి అధ్యక్షుడు ఒక్క సంతకంతో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అమెరికాలోనే చదువుకుంటూ వీసా మార్చుకునేవారికి అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చారు. ఆ మధ్య వారాల్లో, పొలం అమ్మి పిల్లల్ని పంపిన ఇళ్లలో నిద్రలు లేవు. మనకి ఓటు లేని దేశంలో రాసే నిబంధన మీద మన ముసలితనం తిండిని పందెం కాయకూడదు.

బండి గురించి ఎక్కువ చెప్పను. పద్దెనిమిది నిండని పిల్లాడికి బండి ఇస్తే, 2019 సవరణతో వచ్చిన 199ఎ సెక్షను కింద తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఉండదు. నిండినవాడికైనా కాలేజీ బస్సు ఊరి మలుపు దాకా వస్తోంది. కాలువగట్టు రోడ్ల మీద రాత్రిపూట బండ్లు ఎలా పోతున్నాయో అందరం చూస్తూనే ఉన్నాం. కారు ఉద్యోగం వచ్చాక వాడి జీతంతో వాడే కొనుక్కోవాలి, రెండేళ్లు ఆలస్యమైనా సరే.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చోండి. మక్తా ఎంత వస్తోంది, బాకీలెన్ని, ఇంటికెంత కావాలి, అమ్మ మందులకెంత అన్నది పిల్లల ముందు చెప్పండి. కూతుర్ని వంటింట్లోకి పంపకండి, ఆమె కూడా ఉండాలి. అప్పు ఎంత, వడ్డీ ఎవరు కడతారు, అసలు ఎవరు కడతారు అన్నది ఇద్దరి విషయంలోనూ ఒకేలా తేల్చుకోండి. అలా తేల్చుకున్న ఇంటికి రేపు మధ్యవర్తి వచ్చి "చదువుకి చాలా పెట్టారండీ" అని ఎత్తితే, ఆ బాకీ బ్యాంకుదనీ, దాన్ని తన జీతంలోంచి కడుతున్నాననీ పెళ్లికొడుకే చెప్పగలడు.