కుదువ పెట్టామనుకుంటే... అమ్మినట్టే!

* అప్పుకు హామీగా ‘ఖరేదీఖత్’
* సంతకానికి ముందే చూసుకోవాలి

నాందేడ్: ‘పైసలు తిరిగిచ్చినంక భూమి నీదే’... సరిహద్దు రైతుకు సావుకారు నోట ఈ మాట కొత్త కాదు. కాగితం మీద మాత్రం గహాణ్‌ఖత్ (తాకట్టు పత్రం) బదులు ఖరేదీఖత్ (అమ్మకం పత్రం) రాయించుకుంటారు. పత్రం మరాఠీలో ఉంటుంది. తెలుగు తప్ప చదవరాని రైతు నమ్మి వేలిముద్ర వేస్తాడు. ఆ తర్వాత మాట గాలికి పోతుంది. కాగితం నిలుస్తుంది.

తేడా ఎక్కడ?

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం తాకట్టులో రైతు హక్కు పోదు. అప్పు తీర్చి భూమి విడిపించుకోవచ్చు. ఇందుకు 30 ఏళ్ల వ్యవధి ఉంది. సాత్‌బారాలో రైతు పేరు అట్లనే ఉండి ‘ఇతర హక్కుల’ గడిలో బోజా పడుతుంది.

ఖరేదీఖత్ అయితే ఫేర్‌ఫార్‌తో పేరే మారిపోతుంది. భూమి తిరిగిస్తాననే షరతు అదే పత్రంలో ఉంటేనే తాకట్టు అని వాదించే వీలుంటుంది. 1929 సవరణ చెప్పేది ఇదే. వేరే బాండు పేపరు మీద రాసుకుంటే అది తిరిగి అమ్మే ఒప్పందమే. గడువు తప్పితే చేతికేమీ మిగలదు.

దారి ఉంది

మహారాష్ట్ర 2014లో తెచ్చిన సావుకారీ చట్టం 18వ సెక్షన్ ఇక్కడే అక్కరకొస్తుంది. సహకార శాఖ జిల్లా ఉపనిబంధకుడికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. గత 15 ఏళ్లలో వడ్డీ అప్పుకు హామీగానే భూమి పోయిందని విచారణలో తేలితే, రిజిస్టరైన ఖరేదీఖత్‌ను కూడా చెల్లదని ప్రకటించి భూమి తిరిగి ఇప్పించే అధికారం ఆయనకుంది. లైసెన్సు లేని సావుకారీకి ఐదేళ్ల దాకా జైలు.

హామీ ఉన్న అప్పుకు రైతు నుంచి ఏడాదికి 9 శాతానికి మించి వడ్డీ తీసుకోరాదు. ఊళ్లో నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36!

చిక్కల్లా రుజువుతోనే. చేతికి చేయి పైసలిచ్చి రసీదు అడగని రైతు విచారణలో ఏం చూపిస్తాడు? భూమి ఇంకా తానే దున్నుతున్నట్టు, పత్రంలో ధర బజారు ధర కన్నా బాగా తక్కువున్నట్టు చూపితే కేసుకు బలం.

సావుకారు బోధన్‌లో ఉన్నా, నిజామాబాద్‌లో ఉన్నా భూమి ఇక్కడిదైతే రిజిస్ట్రేషన్ ఇక్కడే. కాబట్టి సబ్ రిజిస్ట్రార్ ముందు నిలబడ్డప్పుడే, మరాఠీ వచ్చిన మనిషితో పత్రం పేరు చదివించుకోవాలి. గహాణ్‌ఖతా, ఖరేదీఖతా? ఆ ఒక్క మాటలోనే భూమి ఉంది.