కట్టు కట్టించే ముందు నాడి చూడండి

మోకాలికి దెబ్బ తగిలి కాలు వాచిపోతే మన అనంతపురం ప్రాంతంలో మొదట వినిపించే ప్రశ్న 'ఎముక విరిగిందా?' అన్నదే. వెంటనే పుత్తూరు కట్టా, ఆసుపత్రా అన్న చర్చ మొదలవుతుంది. అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది: పాదానికి రక్తం అందుతున్నదా?

రక్తనాళం దెబ్బతినడానికి కత్తిపోటే అక్కరలేదు. ట్రాక్టరు బోల్తాపడి కాలు నలిగినా, 44వ నంబరు జాతీయ రహదారిపై బండి మీదినుంచి పడి మోకాలి కీలు తప్పినా, చర్మం చెక్కుచెదరకుండానే లోపలి ధమని గాయపడవచ్చు. కీలు జరిగినప్పుడు మోకాలి వెనుకనున్న ధమని సాగి, దాని లోపలిపొర చిట్లుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. తప్పిన కీలు ఒక్కొక్కసారి తనంతట తానే సర్దుకుంటుంది. అప్పుడు ఎక్స్‌రే బాగానే కనిపిస్తుంది. ప్రమాదం మాత్రం తొలగదు.

పాదం చల్లబడటం, పాలిపోవటం, తిమ్మిరెక్కటం, వేళ్లు కదలకపోవటం, నొప్పి అంతకంతకూ పెరగటం ప్రమాద సూచనలు. నాడి అందినంత మాత్రాన నిశ్చింత పనికిరాదు. చీలమండ వద్ద రక్తపోటు చేతిలోని రక్తపోటులో 0.9 వంతుకన్నా తక్కువ ఉంటే సీటీ యాంజియోగ్రామ్ చేయించాలి. పాదంలో రక్తప్రసరణ ఆగిందని స్పష్టంగా తెలిస్తే పరీక్షల కోసం జాగు చేయకుండా శస్త్రచికిత్సకు తీసుకువెళ్లాలి. రక్తం అందని కండరం సుమారు 6 గంటలు దాటితే కోలుకోవటం కష్టం.

రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన ధమనిని ముడివేయటమే ఆనవాయితీ. దాదాపు సగం మంది అవయవాన్ని పోగొట్టుకున్నారు. కొరియా యుద్ధంలో ధమనిని బాగుచేయటం మొదలయ్యాక ఆ నష్టం సుమారు 13 శాతానికి తగ్గింది.

2005లో 108 వాహనాలు వచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీ తొలివిడతలోనే మన జిల్లాకు చోటు దక్కింది. వాహనానికి, ఖర్చుకు దారి ఏర్పడింది. కాలానికి మాత్రం ఇంకా ఏర్పడవలసి ఉన్నది. బెంగళూరు 200 కిలోమీటర్లకు పైగా దూరం. అందుకే నా అభిప్రాయం ఇది: రోగిని పైకి పంపే ప్రతి చీటీపైనా దెబ్బ తగిలిన సమయం, పాదంలో నాడి ఉన్నదీ లేనిదీ తప్పక రాయాలి. ధమనిలో తాత్కాలిక గొట్టం అమర్చి రక్తాన్ని నడిపించే నైపుణ్యం జిల్లాలోని శస్త్రవైద్యులకు నేర్పాలి.

మీరు చేయవలసినది కొంచెమే. మర్దన చేయించకండి, బిగుతుగా కట్టు కట్టించకండి. 108కి ఫోన్ చేయండి. దెబ్బ తగిలిన సమయం గుర్తుపెట్టుకోండి. వైద్యుణ్ణి 'పాదంలో నాడి చూశారా?' అని అడగటానికి మొహమాటపడకండి.